మాష్టారి పర్మిషన్ చీటీలు

కారు అమ్మకానికి పెట్టాం. కొనడానికి వచ్చినవాళ్ళు గ్లోవ్ బాక్స్ తెరిచి చూస్తే పరువు పోతుందని మా ఆయన వారం రోజులుగా సణుగుతుంటే, మొన్న శనివారం ఒక సంచీ పట్టుకుని దాని ముందు కూర్చున్నాను. సగం వాడిన సన్‌స్క్రీన్ ట్యూబు, రాయైపోయిన వక్కపొడి పొట్లం, మా అమ్మాయి గజ్జెల్లోంచి ఊడిన నాలుగు మువ్వలు. వాటన్నిటి వెనకాల రబ్బరు బ్యాండు వేసిన చీటీల కట్ట. కట్ట కనబడగానే నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాను కూడా. మాష్టారు పోయి అప్పటికి ఏడు నెలలు.

పైనున్న చీటీలో ఇలా ఉంది: "దరఖాస్తుదారు: నేను. ఎక్కడి నుంచి: హారిసన్. ఎక్కడికి: క్వీన్‌బియన్. పని: చేపలు. తిరిగి వచ్చు వేళ: మధ్యాహ్నం ఒంటిగంట." దాని కింద దరఖాస్తుదారు సంతకం. ఆ కింద "అనుమతించడమైనది" అని రాసి అధికారి సంతకం. దరఖాస్తు పెట్టుకున్నదీ మాష్టారే, అనుమతి ఇచ్చిందీ మాష్టారే. అయినా రెండు సంతకాలూ ఒకలా ఉండవు. దరఖాస్తుదారు సంతకం భయం భయంగా ఒక మూల ఒదిగి ఉంటుంది. అధికారి సంతకం చీటీ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పాకి ఉంటుంది.

మా హారిసన్ కాన్‌బెర్రాలో ఉంది. పక్కనున్న క్వీన్‌బియన్ మాత్రం న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోకి వెళుతుంది. సరిహద్దంటే రోడ్డు పక్కన ఒక బోర్డు, అంతే. దాన్ని దాటుతున్నామని కంగారూలకీ తెలీదు, మాకూ తెలీదు. మాష్టారికి ఒక్కరికే తెలుసు. ప్రతి శనివారం మా అమ్మాయిని అక్కడ కూచిపూడి క్లాసులో దింపడానికి వెళ్ళేదాన్ని. మాష్టారు ఉండే వాళ్ళమ్మాయి ఇల్లు మా వీధి చివర. ఆయన చేపల కోసం నా కారెక్కేవారు. ఎక్కగానే చొక్కా జేబులోంచి చీటీ తీసి, ఒకసారి చదువుకుని, గ్లోవ్ బాక్స్‌లో పెట్టేవారు. మొదటిసారి చూసినప్పుడు ఉండబట్టలేక అడిగాను.

"ఇదేంటి మాష్టారూ?"

"కాయితమండి. రాష్ట్రం దాటుతున్నామా లేదా?"

"దాటుతున్నాం."

"మరి కాయితం ఉండాలా వద్దా?"

"ఇక్కడ ఎవరూ అడగరండీ."

"ఆయ్, అడగరండి. అడిగినప్పుడు లేకపోతేనే కదండీ గొడవ."

కోనసీమ మనిషి. ఎదుటివాళ్ళు మాట పూర్తి చెయ్యకముందే "ఆయ్" అనేసేవారు. అదేమో పుట్టుకతో వచ్చింది. చీటీలు రాసే అలవాటు మాత్రం పదకొండేళ్ళు కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పిన దేశం నుంచి తెచ్చుకున్నది. ఆ దేశం పేరు ఆయన ఎప్పుడూ అనలేదు, కాబట్టి నేనూ రాయను. అక్కడ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్ళాలంటే కాయితం ఉండాలి. దేశం దాటాలంటే పెద్ద కాయితం ఉండాలి, అది ఎవరికీ ఇవ్వరు. ఉన్నదొక్కటే పత్రిక, అందులో రోజూ ఒక్కరి ఫొటోయే. ఎన్నికల మాట ఎత్తినవాళ్ళు మర్నాడు క్లాసుకి రారు, వాళ్ళ పేర్లు హాజరుపట్టీలోనే ఉండవు.

ఆ ఒక్క ఫొటో ఉన్న పెద్దాయన్ని మాష్టారు పేరుపెట్టి పిలిచేవారు కాదు. గొంతు తగ్గించి చూపుడువేలు పైకెత్తేవారు, అంతే. ఒకసారి మా వంటింట్లో ఉప్మా తింటూ అలాగే వేలెత్తి, "ఆయనకి తెలిస్తే ఇంకేమన్నా ఉందాండీ!" అన్నారు. మా అమ్మాయి ఆ వేలు చూపించిన వైపు చూసి, "అంకుల్, ఇట్స్ జస్ట్ ద స్మోక్ అలారం" అంది.

"ముందు అలాగే చెప్తారమ్మా" అన్నారు మాష్టారు, ఎంతో సీరియస్‌గా.

పౌరసత్వం వచ్చాక మొదటిసారి ఓటెయ్యడానికి ఆయన్ని నేనే తీసుకెళ్ళాను. పోలింగ్ బూత్ ఉన్న స్కూలు గేటు దగ్గర బార్బెక్యూ పొయ్యి పెట్టి సాసేజ్‌లు కాలుస్తున్నారు. ఇక్కడ ఓటింగంటే అదో తిరనాళ్ళు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, విబూది పెట్టుకుని వచ్చిన మాష్టారు ఆ పొగ చూసి ఆగిపోయారు. "ఇదేనాండీ ఓటు? లోపల ఇంకా ఏవన్నా ఉందా?" అన్నారు. లోపలికి వెళితే ఓటెయ్యడానికి పెన్సిలిచ్చారు. పెన్సిల్ చూసి ఆయన మొహం మాడిపోయింది. "చెరిపేస్తే?" అని నా చెవిలో అడిగారు. సరే, ఇక్కడి పద్ధతి ప్రకారం పేర్ల పక్కన ఎలాగో వరస అంకెలు వేశారు. వేసి ఊరుకోవచ్చు కదా! ఆ బ్యాలెట్ కాగితాన్ని విప్పి, రెండు చేతులతో పట్టుకుని, బల్ల దగ్గర కూర్చున్న తెల్లావిడకి చూపించారు. బాగా వేశానా అన్నట్టు. ఆవిడ గబుక్కున కళ్ళు మూసుకుని, "నో నో నో డార్లింగ్, ఐ కాంట్ సీ దట్!" అంది. ప్రభుత్వోద్యోగి ఒకరు తన ఓటు చూడకుండా ఉండడానికి కళ్ళు మూసుకోవడం ఆయన డెబ్భయ్యేళ్ళ జీవితంలో అదే మొదటిసారి. బయటికొచ్చి సాసేజ్ తింటూ ఆ మాట పది సార్లు చెప్పారు. "కళ్ళు మూసుకుందండీ! గట్టిగా!"

ఇంత భయస్థుణ్ణి మా తెలుగు సంఘం వాళ్ళు రాజ్యాంగం రాయమన్నారు. నేనప్పుడు జాయింట్ సెక్రటరీని. హాలు అద్దెకి తీసుకోవాలన్నా సంఘానికి రాజ్యాంగం, అంటే నియమావళి, ఉందా అని అడుగుతున్నారు. మాష్టారు పాఠం చెప్పిన సబ్జెక్టు అదే కాబట్టి ఆయనకి అప్పజెప్పాం. పద్నాలుగు పేజీలు రాసుకొచ్చారు. ఎవరైనా సరే రెండేళ్ళకి మించి పదవిలో ఉండకూడదు. ప్రశ్న అడిగినందుకు ఏ సభ్యుణ్ణీ వాట్సాప్ గ్రూపు నుంచి తీసెయ్యకూడదు. అలా ఉన్నాయి అందులో. మా ప్రెసిడెంట్‌గారు అప్పటికి తొమ్మిదేళ్ళుగా ఏకగ్రీవంగా ఎన్నికవుతున్నారు. మంచివాడే పాపం, ఉగాదికి పులిహోర తక్కువ కాకుండా చూసుకుంటారు. ఆయన ఆ పద్నాలుగు పేజీలు తిరగేసి, "అద్భుతం మాస్టారూ" అని శాలువా కప్పారు. చప్పట్లతో ఆమోదించాం. లామినేషన్ చేయించాం. దాన్ని ఉగాది తోరణాలు పెట్టే ప్లాస్టిక్ డబ్బాలో భద్రంగా పెట్టాం. ఆ వెంటనే ప్రెసిడెంట్‌గారిని పదోసారి ఏకగ్రీవంగా ఎన్నుకున్నాం. ఇంకెవరికీ చెయ్యెత్తే అవసరం కూడా రాలేదు. "అందరికీ సమ్మతమే కదా" అన్న మాట పూర్తి కాకముందే మాష్టారి చెయ్యి గాల్లో ఉంది.

కార్లో వస్తూ నేను దులిపేశాను. "పద్నాలుగు పేజీలు మీరే రాసి, మీరే చెయ్యెత్తారేంటండీ?"

"అలవాటండి. అది నాదే గానీ నా మాట వినదు" అని ఆ చేతిని తిప్పి చూసుకున్నారు. "ఏకగ్రీవం అంటే ఏంటండీ? అందరికీ కలిపి ఒకే మెడ. పట్టుకోవడం తేలిక" అని కిసుక్కున నవ్వారు. "నా చేతుల మీదుగా డబ్బాలోకెళ్ళిన రాజ్యాంగం ఇది రెండోదండి."

మొదటిది ఆ దేశానిది. బ్రహ్మాండంగా ఉండేదట. ఊరూరా తిరిగి జనాన్ని అడిగి మరీ రాశారట. సభ పెట్టి ఆమోదించారు, డప్పులు కొట్టారు, అమలు చెయ్యడం ఒక్కటే మర్చిపోయారు. కాలేజీ సిలబస్‌లో మాత్రం అలాగే ఉండిపోయింది. "తీసెయ్యమని చెప్పాలంటే ముందు అదొకటుందని ఒప్పుకోవాలి కదండీ. అంచేత ఎవరూ చెప్పలేదు, నేను పాఠం చెప్పుకుంటూ పోయాను" అన్నారు. మనిషికి మాట్లాడే హక్కుంది, తిరిగే హక్కుంది అని పదకొండేళ్ళు చెప్పారు. కిటికీలు మూసి, వెనక బెంచీకి వినపడనంత మెల్లగా.

ఇదంతా నవ్వులాటగానే ఉండేది, ఆ శనివారం చేపల కొట్లో జరిగింది జరగకపోతే.

మాష్టారు ఐసు మీద చేపల మొప్పలు ఎత్తి చూస్తున్నారు. నేను పక్కనే ఉన్నాను. లోపల్నించి, కొత్తగా పనిలో చేరినట్టున్నాడు, ఒక పొడుగాటి ఆఫ్రికా మనిషి, నలభైకి దగ్గర పడుతున్నవాడు, రబ్బరు బూట్లూ ఆప్రానూ వేసుకుని చేపల ట్రేతో బయటికొచ్చాడు. మాష్టారిని చూసి ట్రే కింద పెట్టేశాడు. "టీచర్!" అన్నాడు. ఆ కేకలో ఎంత సంతోషముందో చెప్పలేను. మాష్టారు ఏం చేశారో తెలుసా? గిరుక్కున తిరిగి రొయ్యల ఫ్రీజర్ వెనక్కి వెళ్ళి నిలబడ్డారు. ఆయన బట్టతల పైకి కనిపిస్తూనే ఉంది. నాకు నవ్వాగలేదు. అతను అటు తిరిగి వెళ్ళి, తడి చేతులతోనే మాష్టారి రెండు చేతులూ పట్టుకుని వంగి నమస్కారం పెట్టాడు. మాష్టారు తల ఎత్తలేదు. చేపలు కొనకుండానే కారెక్కారు. కారెక్కాక చూశాను, ఆయన మోకాళ్ళు వణుకుతున్నాయి.

బోర్డు దాటాక నెమ్మదిగా బయటపెట్టారు. ఆ మనిషి ఆయన శిష్యుడు. ఒకరోజు క్లాసు మధ్యలో లేచి, "ఈ రాజ్యాంగం ఎప్పటినుంచి అమల్లోకి వస్తుంది టీచర్?" అని అడిగాడు. అంతే. ఆ సాయంత్రమే పట్టుకుపోయారు. మర్నాడు ప్రిన్సిపాల్ రిజిస్టర్ తెచ్చి మాష్టారి ముందు పెట్టాడు. ఆ తారీకు గడిలో మాష్టారు "క్లాసు జరగలేదు" అని రాసి సంతకం పెట్టారు.

"క్లాసే జరగకపోతే ప్రశ్న ఎక్కడిది, వాణ్ణి వదిలేస్తారు అనుకున్నానండి" అన్నారు. ఒక ట్రాఫిక్ లైటు గడిచాక, "అబద్ధం. నన్ను వదిలేస్తారు అనుకున్నాను" అన్నారు.

అతన్ని రెండేళ్ళు ఉంచారు. తర్వాత ఎడారులూ సముద్రాలూ దాటి ఇక్కడ తేలాడు.

మరుసటి శనివారం మాష్టారి ఇంటి ముందు హారన్ కొడితే ఆయన గుమ్మంలోకి వచ్చి చీటీ నా చేతిలో పెట్టారు. "నిరాకరించడమైనది" అని ఉంది, కింద ఆ పెద్ద సంతకం. "పర్మిషన్ రాలేదండి. దీన్ని కూడా ఫైల్లో పెట్టండి" అన్నారు. ఆ పై శనివారం కూడా అంతే. నేను చీటీలు గ్లోవ్ బాక్స్‌లో పడేసి ఒక్కదాన్నే వెళ్ళాను. ఆ రెండు శనివారాలూ ఆయన గడప దాటలేదని వాళ్ళమ్మాయి చెప్పింది.

ఆ రెండో శనివారమే కొట్లో అతను నన్ను పక్కకి పిలిచాడు. ఇంగ్లీషులో, చాలా మర్యాదగా తన సంగతి చెప్పాడు. ఇక్కడ శరణు అడిగితే దరఖాస్తు కొట్టేశారు. క్లాసులో ఒక్క ప్రశ్న అడిగినందుకు జైల్లో వేశారంటే ఆఫీసర్ నమ్మలేదు, రుజువు లేదన్నాడు. మూడు వారాల్లో సిడ్నీ ట్రిబ్యునల్లో మళ్ళీ విచారణ. అక్కడా కొట్టేస్తే వెనక్కి పంపించేస్తారు. అక్కడ దిగాక ఏమవుతుందో అతను చెప్పలేదు, నేనూ అడగలేదు.

"ఆ రోజు క్లాసులో ఉన్నవాళ్ళలో ఈ దేశంలో ఉన్నది టీచర్ ఒక్కరే" అన్నాడు.

నాకసలే నోటి దురద. "ఆయన రిజిస్టర్లో ఏం రాశారో నీకు తెలుసా?" అని అడిగేశాను.

"నన్ను ప్రశ్నించినప్పుడు చూపించారు. టీచర్ చేతిరాత చాలా అందంగా ఉంటుంది" అన్నాడు. కోపంతో అనలేదు. ఆ మాట తిన్నగా తెచ్చి మాష్టారికి చెప్పాను. ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు. "తెలిసి కూడా చేతులు పట్టుకున్నాడా!" అన్నారు.

"సిడ్నీ వస్తారా మాష్టారూ? నేను డ్రైవ్ చేస్తాను."

జీవితంలో మొదటిసారి ఆయన "ఆయ్" అనలేదు. "ఇక్కడ నన్నెవరూ ఏమీ చెయ్యరండి, నాకు తెలుసు. మోకాళ్ళకి తెలీడం లేదు" అన్నారు. "పైగా అందరి ముందూ ఆ రిజిస్టర్ సంగతి చెప్పాలి. మాష్టారు అని పిలుస్తారు కదండీ మీరంతా." ఇక నేను బలవంతపెట్టలేదు. ఒట్టిదే, పెట్టాను. మూడు వారాలు పెట్టాను. చివరికి మర్నాడు విచారణ అనగా కూడా "కాయితం వస్తే చూద్దామండి" అన్నారే తప్ప వస్తానని అనలేదు.

ఆ పొద్దున ఆశ లేకుండానే వాళ్ళింటి ముందు ఆగాను. ఓటేసిన రోజు వేసుకున్న ఇస్త్రీ చొక్కాలో గేటు దగ్గర నిలబడి ఉన్నారు. కారెక్కి, మడత పెట్టిన చీటీ గ్లోవ్ బాక్స్‌లో పెట్టి, "పదండి" అన్నారు. మూడు గంటల ప్రయాణం. గౌల్‌బర్న్‌లో రోడ్డు పక్కన కట్టిన మేడంత సిమెంటు గొర్రె బొమ్మ దగ్గర కాఫీకి ఆపితే, గొర్రెని ఎగాదిగా చూసి, "దీనికీ నాకూ తేడా ఏంటండీ? ఇది కనీసం తల ఊపదు" అన్నారు.

అతను ఒప్పుకోవడం వల్ల నన్ను కూడా లోపల కూర్చోనిచ్చారు. చిన్న గది. విచారణ చేసేది కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ. ఆవిడ కాగితాలు సర్దుకుని, మాష్టారిని సూటిగా అడిగింది, ఆ రోజు క్లాసు జరిగిందా లేదా అని. మాష్టారి చెయ్యి పైకి లేవబోయింది. రెండో చేత్తో దాన్ని పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నారు.

"జరిగింది మేడమ్. ముప్ఫై ఒక్కమంది వచ్చారు. ఇతను మూడో వరసలో, కిటికీ పక్కన. రాజ్యాంగం ఎప్పటినుంచి అమల్లోకి వస్తుందని అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. గంట కొట్టకముందే క్లాసు ముగించేశాను. మర్నాడు క్లాసు జరగలేదని రిజిస్టర్లో రాశాను. అది నా చేతిరాతే."

గొంతు పెద్దది చేసి చెప్పారు. వెనక బెంచీకి కూడా వినపడేలా. అప్పుడు అబద్ధం రాసిన మనిషిని ఇప్పుడెలా నమ్మమంటారని ఆవిడ అడిగింది. అడగాలి కూడా.

"అప్పుడు అబద్ధం రాస్తే నా ఉద్యోగం నిలబడింది. ఇప్పుడు నిజం చెబితే నా పరువు పోతోంది. పరువు పోగొట్టుకోవడానికి ఎవరైనా మూడు గంటలు కారులో కూర్చుని వస్తారా మేడమ్?" అన్నారు మాష్టారు. ఆవిడ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. శిష్యుడు తల వంచుకుని ఏడుస్తున్నాడు.

రెండు నెలలకి అతనికి వీసా వచ్చింది. ఆ శనివారం మాష్టారికి కొట్లోకెల్లా పెద్ద చేప ఇచ్చాడు. అది మా ఫ్రిజ్‌లోనూ పట్టలేదు, వాళ్ళ ఫ్రిజ్‌లోనూ పట్టలేదు.

ఆ ఏడు తెలుగు సంఘం సర్వసభ్య సమావేశంలో ప్రెసిడెంట్‌గారు పదకొండోసారికి సిద్ధమై, "అందరికీ సమ్మతమే కదా" అన్నారు. అందరం అలవాటుగా మాష్టారి వైపు చూశాం. ఆయన చెయ్యి లేవలేదు, మనిషే లేచారు. "చిన్న సందేహమండి. మన రాజ్యాంగం ఎప్పటినుంచి అమల్లోకి వస్తుందండీ?" అని అడిగారు. హాల్లో సమోసా నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది. మేం ఇంటికి చేరేలోపే మాష్టారిని వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. ఆయన ఆనందం చూడాలి! ఆ ఫోను పట్టుకుని వీధిలో ప్రతి ఇంటికీ వెళ్ళి, "తీసేశారండి! నన్ను! ప్రశ్న అడిగినందుకు!" అని పెళ్ళి శుభలేఖలా చూపించి వచ్చారు. సిగ్గేసి మిగతావాళ్ళం కూడా ఒక్కొక్కరం అదే ప్రశ్న అడగడం మొదలుపెట్టాం. ఎంతమందిని తీసేస్తారు? మరుసటి ఏడాది ఎన్నికలు జరిగాయి, పెన్సిళ్ళతో. లెక్క చూసే ఆవిడ కళ్ళు మూసుకోవాలని మాష్టారు పట్టుబట్టారు.

ఆ చలికాలంలోనే నిద్రలో పోయారు. ఇంత అల్లరి చేసిన మనిషి చడీచప్పుడు లేకుండా వెళ్ళిపోవడం నాకు ఇప్పటికీ ఒప్పుకోబుద్ధి కావడం లేదు.

కట్టలో చీటీలన్నీ కార్లో కూర్చునే చదివాను. చేపలు, చేపలు, చేపలు, ఒకచోట చేపలూ కొత్తిమీరా. నిరాకరించిన ఆ రెండు శనివారాలవీ కనబడ్డాయి. అడుగున నాలుగు మడతలు పెట్టిన చీటీ ఒకటుంది. ఆ పొద్దున ఆయన లోపల పెట్టాక నేను విప్పి చూడనే లేదు. "ఎక్కడికి: సిడ్నీ. పని: ఆ రోజు క్లాసు జరిగిందని చెప్పడం. తిరిగి వచ్చు వేళ: తెలియదు."

దాని కింద పేజీ అంతా పాకిన ఆ పెద్ద సంతకంతో అధికారి ఉత్తర్వు: "నిరాకరించడమైనది."

పర్మిషన్ లేకుండానే గేటు దగ్గరికొచ్చి నిలబడ్డారన్నమాట! ఆ ముక్క నాకు చెప్పనే లేదు. రాష్ట్రం దాటించిన డ్రైవర్ని నేనే. కారు అమ్మడం లేదని మా ఆయనకి ఇప్పుడే చెప్పాను.